ఏడు శీర్షాల మ్యాచింగ్ కాంప్లెక్స్‌లో ఆ 3 ఎక్కడి నుంచి వస్తోంది?

చెన్నైలో ఎమ్మెస్సీ గణితం చదువుతున్నాను. టోపాలజీ తెలిసిన తెలుగువారు దయచేసి సాయం చేయండి.

సంపూర్ణ గ్రాఫ్ (ప్రతి రెండు శీర్షాల మధ్యా ఒక అంచు ఉండేది) అంచులను బిందువులుగా తీసుకుని, ఉమ్మడి శీర్షం లేనివాటిని (రెండైతే రేఖగా, మూడైతే త్రిభుజంగా) కలుపుతూ పోతే మ్యాచింగ్ కాంప్లెక్స్ వస్తుంది. ఐదు శీర్షాలకు అది 10 బిందువులు, 15 రేఖలున్న ప్రసిద్ధ పీటర్సన్ గ్రాఫే, ఎంత ముచ్చటైన విషయమో! ఏడింటికి 21 బిందువులు, 105 రేఖలు, 105 త్రిభుజాలు. ఆయిలర్ సంఖ్య (బిందువులు − రేఖలు + త్రిభుజాలు) 21. అయితే దాని మొదటి హోమాలజీలో (త్రిభుజాలతో పూడ్చలేని మూసిన దారుల లెక్కలో) ఒక చక్రం, అంటే మూసిన దారి, ఉంది. తనంతట తాను సున్నా కాదు, మూడు రెట్లు చేస్తే సున్నా అవుతుంది; నేను అడిగే 3 ఇదే. కంప్యూటర్ ఈ జవాబు ఇస్తుంది గానీ కారణం చెప్పదు, నాకు కావలసింది కారణమే.

ఆ చక్రాన్ని కాగితం మీద గీసి చూపగలరా? ఫోర్మన్ డిస్క్రీట్ మోర్స్ పద్ధతిలో (ముక్కలను జతలుగా తీసేసి ఆకారాన్ని సులువు చేసే పద్ధతి) ఒక బిందువు, ఒక రేఖ, 21 త్రిభుజాలే మిగిలేలా చేత్తో జతలు కుదర్చవచ్చా? తరమణి, అడయారు వైపు ఎవరైనా ఉంటే నేనే వచ్చి కలుస్తాను.