పాస్‌వర్డ్ తీసేసి ఓటీపీ ఒక్కటే పెడితే భద్రమేనా?

ప్రశ్న (విజయవాడ, వన్ టౌన్)
మాది వస్త్రలతలో చీరల హోల్‌సేల్. గుడివాడ, నూజివీడు, ఏలూరు షాపుల వాళ్లు ఆర్డర్లు పెట్టుకోడానికి, బాకీ చూసుకోడానికి సైట్ చేయించాం. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండట్లేదు, రోజూ ఫోన్లే. దాన్ని తీసేసి, నంబర్ కొడితే ఓటీపీ వచ్చేలా పెడదామంటున్నాడు సైట్ చేసిన కుర్రాడు. వాళ్ల ఖాతాలన్నీ అందులోనే ఉన్నాయి, అదే నా టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (గుంటూరు, అరండల్‌పేట)
నేను ఇలాంటి లాగిన్లే రాస్తుంటానండీ. ఆరంకెల కోడ్‌ని ఎవరో ఊహిస్తారని భయపడకండి. పది లక్షల్లో ఒకటి అది, నాలుగైదుసార్లు తప్పు కొడితే ఆగిపోయేలా పెడితే చాలు.

నా భయం వేరే. అచ్చం మీ సైట్‌లాంటిదే ఒకటి తయారుచేసి లింక్ పంపుతారు. నూజివీడు షాపాయన అందులో నంబర్ కొడతాడు. దొంగ అదే నంబర్‌ని ఆ క్షణంలోనే మీ అసలు సైట్‌లో కొడతాడు. కోడ్ మీ దగ్గర్నుంచే, మీ పేరుతోనే వస్తుంది. ఇక అనుమానం ఎందుకొస్తుంది? షాపాయన ఆ కోడ్ తీసుకెళ్లి దొంగ సైట్‌లో కొడతాడు, దాంతో దొంగ మీ అసలు సైట్‌లోకి వెళ్లిపోతాడు. సిమ్ కాజేయక్కర్లేదు, ఫోన్ ముట్టుకోనక్కర్లేదు. ‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు’ అని మెసేజ్‌లో రాసినా లాభం లేదు, ఆయన ఎవరికీ చెప్పలేదు కదా!

పాస్‌కీ పెట్టించండి, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లో ఉండే డిజిటల్ తాళంచెవి. లాగిన్ అయ్యేవాళ్లకి ఫోన్ లాక్ తీసినట్టే, వేలిముద్రతో అయిపోతుంది. ఆ తాళంచెవి మీ సైట్ చిరునామాకే ముడిపడి ఉంటుంది, నకిలీ సైట్‌లో పనిచేయదు. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ దీన్ని తెస్తామని 2022లోనే కలిసి ప్రకటించాయి. ఇప్పుడు మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది.

ఇంకో జవాబు (విజయవాడ, పటమట)
నంబర్లు చేతులు మారడం కూడా చూసుకోండి. మన దేశంలో మూసేసిన నంబర్‌ని 90 రోజులు దాటాక వేరేవాళ్లకి ఇవ్వొచ్చు. పాత కస్టమర్ నంబర్ తీసుకున్న కొత్త మనిషికి ఓటీపీతో ఆ ఖాతా మొత్తం తెరుచుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు
అయ్యో, ఇది తట్టనే లేదు. పోనీ, కోడ్ ఈమెయిల్‌కి పంపితే?

గుంటూరు నుంచి
నంబర్ గొడవ తప్పుతుంది, నకిలీ సైట్ గొడవ తప్పదండీ. పైగా చాలా షాపుల్లో మెయిల్ తెరిచేది గుమాస్తానో, వాళ్లబ్బాయో. పాస్‌కీ కుదరనివాళ్లకి ఓటీపీ ఉంచండి, కానీ దాంతో ఆర్డర్ పెట్టడం వరకే. బాకీ చూడాలన్నా, సరుకు దింపే చిరునామా మార్చాలన్నా మీ కొట్టు నుంచి ఆ షాపుకి ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. అదీ మీ పాత పుస్తకంలో ఉన్న నంబర్‌కే, సైట్‌లో కొత్తగా మార్చినదానికి కాదు.