కొరియా, జపాన్ చర్మ సంరక్షణ పద్ధతులు: అసలు తేడా ఎక్కడుంది?

ప్రశ్న:
కొరియా పద్ధతి అంటే పది అంచెల వ్యవహారమనీ, జపాన్ పద్ధతి అంటే నాలుగైదు వస్తువులతో ముగిసేదనీ చాలాచోట్ల చదివాను. తీరా రెండు దేశాల సీసాల వెనుక ఉన్న పదార్థాల పట్టికలను పక్కపక్కన పెట్టి చూస్తే గ్లిజరిన్, హయలురోనిక్ ఆమ్లం, నియాసినమైడ్ వంటివే రెండింటిలోనూ కనిపిస్తున్నాయి. మరి తేడా ప్రచారంలోనే ఉందా, తయారీలోనూ వాడకంలోనూ కూడా ఉందా? నా చర్మం నుదురు, ముక్కు దగ్గర జిడ్డుగానూ, బుగ్గల మీద పొడిగానూ ఉంటుంది. మొటిమలు తగ్గాక మిగిలిపోయే నల్లమచ్చలే నా ప్రధాన సమస్య. తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
అంచెల లెక్కను పక్కన పెట్టండి. పది అంచెల మాట ఎక్కువగా అమెరికా మార్కెట్‌లో ప్రచారానికి వచ్చినదే తప్ప, కొరియాలో అందరూ రోజూ పాటించే నియమం కాదు. నా దృష్టిలో అసలు తేడా ఆ దేశాల చట్టాలలోనూ, పరిశ్రమ నడిచే తీరులోనూ ఉంది.

జపాన్‌లో మందుకూ సౌందర్య సాధనానికీ నడుమ ‘క్వాసీ డ్రగ్’ అనే వర్గం ఒకటి ఉంది. మచ్చలు రాకుండా చేస్తుందని సీసా మీద రాసుకోవాలంటే, ప్రభుత్వం ఆమోదించిన క్రియాశీల పదార్థం అందులో నిర్ణీత మోతాదులో ఉండాలి. కొత్త పదార్థానికి ఆ ఆమోదం తేలికగా రాదు కనుక, 1872లో టోక్యోలోని గింజాలో మందుల దుకాణంగా మొదలైన షిసైడో వంటి పెద్ద సంస్థలు సొంత పరిశోధనశాలల్లో ఒక్కొక్క పదార్థం మీద ఏళ్ల తరబడి పనిచేస్తాయి. రక్తస్రావాన్ని ఆపే మందుగా జపాన్‌లోనే పుట్టిన ట్రానెక్సామిక్ ఆమ్లం మచ్చల క్రీముల్లోకి వచ్చింది ఈ దారిలోనే.

కొరియాలో 2000 నుంచి ‘ఫంక్షనల్ కాస్మెటిక్స్’ (ముడతలు తగ్గించడం వంటి నిర్ణీత ప్రయోజనం కోసం చేసిన సౌందర్య సాధనాలు) అనే వర్గం అమలులో ఉంది. చర్మం రంగును తేటపరచడానికి నియాసినమైడ్ 2 నుంచి 5 శాతం, ముడతలకు అడెనోసిన్ 0.04 శాతం అంటూ ప్రభుత్వమే ప్రకటించిన పదార్థాలను ఆ మోతాదులో వాడితే అనుమతి ప్రక్రియ సులభమవుతుంది. దీనికి తోడు కోల్మార్ కొరియా, కాస్మాక్స్ వంటి సంస్థలు ఫార్ములా రూపొందించి, తయారు చేసి ఇతరుల బ్రాండు పేరుతో అందిస్తాయి. సొంత ఫ్యాక్టరీ లేని చిన్న బ్రాండు కూడా త్వరగా కొత్త సీరంతో (క్రియాశీల పదార్థాలు ఎక్కువగా ఉండే పలచని ద్రవం) రాగలగడానికి కారణం ఇదే. ఒకప్పుడు నత్త స్రావం, తరువాత సరస్వతి ఆకు సారం అంటూ మోజులు మారిపోవడం కూడా దీని ఫలితమేనని నా అభిప్రాయం.

మీరు పట్టికలు పోల్చారు కనుక ఒక మాట. మామూలు సౌందర్య సాధనాలలో పదార్థాలు ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరుసగా ఉంటాయి. జపాన్ క్వాసీ డ్రగ్ మీద మాత్రం క్రియాశీల పదార్థాలను ముందుగా విడిగా చూపుతారు, తక్కినవి మోతాదు వరుసలో ఉండాలన్న నిబంధన లేదు. కాబట్టి ఆ రెండు పట్టికలను నేరుగా పోల్చలేము.

రెండవ సమాధానం:
చట్టాల సంగతి సరే గాని, వాడకంలోనూ తేడా ఉంది. జపాన్ పద్ధతిలో శ్రద్ధంతా ముఖం శుభ్రం చేయడం మీద, ఆ వెంటనే తేమను అందించడం మీద ఉంటుంది. ఇప్పుడు కొరియా పేరుతో ప్రసిద్ధమైన రెండుసార్ల శుభ్రతలో మొదటి మెట్టు అయిన నూనె క్లెన్సర్ జపాన్‌లో అంతకు చాలాకాలం ముందే వాడుకలో ఉంది. దానిని పొడి చేతులతో పొడి ముఖానికి రాసి, తరువాత కొద్దిగా నీళ్లు చిలకరించి అది పాలలా తెల్లబడేదాకా రుద్ది కడగాలి. చాలామంది ఈ తెల్లబడే దశను వదిలేసి, జిడ్డు మిగిలిపోయిందని ఫిర్యాదు చేస్తుంటారు.

కొరియా పద్ధతిలో ఎసెన్స్ (నీళ్లలాంటి పలచని ద్రవం), ఆంపూల్ (గాఢమైన సీరం), షీట్ మాస్క్ (ద్రవంలో తడిపి ముఖం మీద పరిచే పలచని తొడుగు) అంటూ పలచని పొరలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. మీ చర్మానికి ఏదో ఒక దేశానికి కట్టుబడవలసిన పని లేదు. నీళ్లలాంటి టోనర్‌ను ముఖమంతా ఒకసారి, బుగ్గల మీద మాత్రం రెండోసారి అద్దండి; ముక్కు దగ్గర క్రీము పలచగా చాలు. పగటిపూట సన్‌స్క్రీన్ లేకుండా మచ్చల సీరం వాడడం దండగ. సూర్యకాంతిలోని యూవీఏ కిరణాల నుంచి రక్షణను తెలిపే పీఏ గుర్తులు జపాన్‌లో మొదలై కొరియా కూడా అనుసరిస్తున్నవి కనుక, ఏ దేశపు సీసా అయినా ప్లస్ గుర్తులు నాలుగు ఉన్నదే ఎంచుకోండి.

మూడవ సమాధానం:
ఆమోదం ఉంటే ప్రమాదం లేదనుకోవద్దు. చర్మాన్ని తెల్లబరచడానికి వాడిన రోడోడెనాల్ అనే పదార్థం జపాన్‌లో క్వాసీ డ్రగ్ ఆమోదం పొందినదే. దానిని వాడినవారిలో వేలమందికి తెల్లమచ్చలు ఏర్పడడంతో 2013లో జపాన్ సంస్థ కనెబో ఆ ఉత్పత్తులను వెనక్కి తీసుకుంది. ఏ దేశపు సీరం అయినా ముందు దవడ కింద కొద్దిచోట కొన్నాళ్లు రాసి చూడండి. మంట గాని, రంగులో తేడా గాని కనిపిస్తే ఆపేసి చర్మవైద్యునికి చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ట్రానెక్సామిక్ ఆమ్లం, నియాసినమైడ్ రెండూ కలిపి వాడవచ్చునా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
సాధారణంగా వాడవచ్చు. నియాసినమైడ్, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారైన తరువాత అది పై కణాలకు చేరడాన్ని తగ్గిస్తుంది. ట్రానెక్సామిక్ ఆమ్లం అంతకు ముందే, మెలనిన్ తయారీని ప్రేరేపించే సంకేతాల మీద పనిచేస్తుంది. అయితే రెండూ ఒకేసారి మొదలుపెడితే, ఇబ్బంది వచ్చినప్పుడు అది దేనివల్లో తెలియదు. ముందు ఏదో ఒకటి నాలుగు వారాలు వాడి, చర్మానికి ఇబ్బంది లేకుంటేనే రెండవది చేర్చండి.