అమెరికా క్రైస్తవ జాతీయవాదం: అంతా ఒకే తాటి మీద ఉన్నారా, ఎవరి కుంపటి వారిదా?

కృష్ణాతీరం (ప్రశ్న)

టెక్సస్‌లో 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలోనూ పది ఆజ్ఞల పోస్టరు పెట్టాలన్న చట్టం (ఎస్‌బీ 10) వచ్చాక తెలుగు గ్రూపుల్లో "క్రిస్టియన్ నేషనలిస్టులు" (అమెరికాని క్రైస్తవ దేశంగా నడపాలనేవాళ్లు) అన్న మాట తెగ తిరుగుతోంది. ఐడహోలోని పాస్టర్ డగ్ విల్సన్, వైట్‌హౌస్ ఫెయిత్ ఆఫీసు నడిపే పౌలా వైట్, హార్వర్డ్ లా ప్రొఫెసర్ ఏడ్రియన్ వెర్మ్యూల్, సదరన్ బాప్టిస్టులు... అందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. వాళ్ల రాతలు వరసగా చదివితే మాత్రం ఒకరికొకరు అస్సలు పొసగరు.

వీళ్లని కలిపి ఉంచుతున్నదేమిటి? ఎక్కడికొచ్చేసరికి విడిపోతారు? ఒక మనిషి మాట్లాడుతుంటే ఏ పాయకి చెందినవాడో ఎలా పట్టుకోవాలి? ఏ పక్షానికీ తిట్లు వద్దు, వివరాలు కావాలి.

పాతనెల్లూరు

ముందు ఆ పోస్టరునే దగ్గరగా చూడండి. మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు. ఫ్రేమైనా కట్టాలి, లేదా గట్టి పోస్టరైనా అయ్యుండాలి. మామూలు చూపున్నవాళ్లు గదిలో ఏ మూల కూర్చున్నా చదవగలగాలి. ఎవరైనా దానంగా తెచ్చిస్తే బడి కాదనకూడదు, సొంత డబ్బుతో కొనాలన్న నిర్బంధం మాత్రం లేదు. అంతకు ముందు ఏడాది జూన్‌లో వచ్చిన లూసియానా చట్టంలో సైజు 11 x 14 అంగుళాలు. ఏ మాటలు అచ్చు వేయాలో రెండు చట్టాల్లోనూ రాసే ఉంది.

ఇక ఆ కాగితం మీద లేనిదేమిటో చూడండి. అంకెలు లేవు! పైన "పది ఆజ్ఞలు" అని ఉంటుంది, కింద వాక్యాలు లెక్కపెడితే పన్నెండు వస్తాయి. మొదటిది, రెండోది అని ఎక్కడా ఉండదు. ఎందుకంటే అంకె వేసిన మరుక్షణం అది ఏదో ఒక సంఘం పోస్టరు అయిపోతుంది. బాప్టిస్టులకీ ప్రెస్బిటేరియన్లకీ వేరే దేవుడు ఉండకూడదన్నది మొదటి ఆజ్ఞ, విగ్రహాలు వద్దన్నది రెండోది. క్యాథలిక్కులూ లూథరన్లూ ఆ రెంటినీ ఒకటిగా లెక్కేస్తారు, లెక్క తగ్గకుండా చివర పరుల సొమ్ము ఆశించకూడదన్నదాన్ని తొమ్మిది, పదిగా విడగొడతారు. యూదులకైతే "నేను నీ దేవుడనైన యెహోవాను" అన్నదే మొదటి మాట. "చంపకూడదు" అన్నచోట యూదుల అనువాదాలు "హత్య చేయకూడదు" అంటాయి, ఆ తేడా కూడా వాళ్లకి చిన్నది కాదు.

మన దగ్గర చూసుకున్నా ఇంతే. రెండో ఆజ్ఞ చెప్పమంటే ఒంగోలు బాప్టిస్టు సండే స్కూలు పిల్లాడు విగ్రహాల సంగతి చెబుతాడు, లూథర్ చిన్న ప్రశ్నోత్తరి చదివిన గుంటూరు పిల్లాడు దేవుని నామం వ్యర్థంగా పలకకూడదంటాడు. ఆర్‌సీఎం పిల్లాడి జవాబు గుంటూరు పిల్లాడిదే.

ఆ అంకెల్లేని పాఠం ఆస్టిన్‌లో రాష్ట్ర శాసనసభ భవనం ఆవరణలో ఉన్న రాతిఫలకం నుంచి వచ్చింది. ఫ్రాటర్నల్ ఆర్డర్ ఆఫ్ ఈగల్స్ అనే సంఘం 1961లో ఇచ్చిన రాయి అది. అన్ని పక్షాలకీ ఆమోదంగా ఉండేట్టు కూర్చిన మాటలు. 2005లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో ఆ రాయిని ఉండనిచ్చింది, కాబట్టి శాసనసభ్యులు ఆ పాఠాన్నే ఎత్తి చట్టంలో పెట్టారు.

ఉద్యమం ఐక్యతా సరిగ్గా ఇలాంటిదే. గుర్తు దగ్గర అందరూ ఒకటి. వివరం రాయాల్సి వచ్చినచోట తెగుతుంది. తెల్లగుడ్డ మీద పచ్చటి పైన్ చెట్టున్న "అపీల్ టు హెవెన్" జెండాని తీసుకోండి. 1775 నాటి నౌకల జెండా అది. ఈ తరంలో దానికి మళ్లీ ప్రాణం పోసింది డచ్ షీట్స్, నేటికీ అపొస్తలులున్నారనే అపొస్తలిక్ ఉద్యమ నాయకుడు. దాన్ని తన ఆఫీసు ముందు నిలబెట్టుకున్న ప్రతినిధుల సభ స్పీకర్ మైక్ జాన్సన్ మాత్రం సదరన్ బాప్టిస్టు. జెండా సిద్ధాంతం అడగదు.

అడిగితే ఏమవుతుందో 1844లో ఫిలడెల్ఫియా చూసింది. ప్రభుత్వ బడుల్లో బైబిలు చదవాలన్న దాంట్లో పేచీ లేదు. కింగ్ జేమ్స్ బైబిలా, క్యాథలిక్కుల డూయే బైబిలా అన్న దగ్గర మొదలై మే, జూలై నెలల్లో అల్లర్లయ్యాయి. సెయింట్ మైకేల్, సెయింట్ అగస్టీన్ చర్చిలు తగలబడ్డాయి.

రేపల్లెరీడర్

మూడో ప్రశ్నకి నేను చెబుతాను. పాయ తేల్చడానికి "నువ్వు క్రిస్టియన్ నేషనలిస్టువా" అని అడిగి లాభం లేదు. విల్సన్, క్రైస్తవ జాతీయవాదాన్ని సమర్థిస్తూ పుస్తకం రాసిన స్టీఫెన్ వుల్ఫ్ లాంటి కొద్దిమంది తప్ప ఆ పేరు ఒప్పుకునేవాళ్లు తక్కువ. ఈ కింది సంగతులు వింటే చాలావరకు తేలిపోతుంది.

మొదట, క్రీస్తు రెండో రాకడ గురించి ఏమంటాడు? లోకం రోజురోజుకీ పాడైపోతుంది, విశ్వాసుల సంఘం ఆకాశానికి ఎత్తబడుతుంది, ఆ తరువాతే క్రీస్తు వెయ్యేండ్ల పాలన అనేవాడు పాత ఇవాంజెలికల్ పాయ. పాస్టర్ జాన్ హేగీ అక్కడివాడు, 2006లో ఇజ్రాయెల్ మద్దతు సంస్థ పెట్టాడు. వీళ్లకి ఎన్నికలంటే గండి పూడ్చుకోవడం లాంటిది. లోకమంతా క్రమంగా క్రీస్తు పాలన కిందికి వచ్చాకే ఆయన తిరిగొస్తాడు అనేవాడు విల్సన్ పాయ. వాళ్ల లెక్క వందల ఏళ్లది. అందుకే బడులు, కాలేజీ, ప్రచురణ సంస్థ ఒకే చిన్న ఊళ్లో (ఐడహోలోని మాస్కో) ఓపిగ్గా కట్టుకుంటూ వచ్చారు. వాళ్ల సంఘాల కూటమి సీఆర్‌ఈసీ 1998లో మొదలైంది.

తరువాత, ఈ కాలంలో అపొస్తలులూ ప్రవక్తలూ ఉన్నారంటాడా? అవునంటే పీటర్ వాగ్నర్ అనే బోధకుడు "న్యూ అపొస్తలిక్ రిఫర్మేషన్" అని పేరుపెట్టిన పాయ. లాన్స్ వాల్నౌ ప్రచారం చేసిన "ఏడు పర్వతాలు" వీళ్ల మాట: మతం, కుటుంబం, విద్య, ప్రభుత్వం, మీడియా, కళలు-వినోదం, వ్యాపారం. ప్రతి పర్వతం శిఖరం మీదా విశ్వాసులు ఉండాలి. ప్రవచనాలు, అన్యభాషలు ఉంటాయి, ఆడవాళ్లు ప్రసంగ వేదిక ఎక్కుతారు. విల్సన్ పాయకి ఇవేవీ గిట్టవు. 2025 ఆగస్టులో టీవీ ఇంటర్వ్యూలో ఆ పాయ పాస్టర్లు కుటుంబానికి ఒక ఓటు చాలు, ఆడవాళ్లకి ఓటిచ్చిన 19వ రాజ్యాంగ సవరణ రద్దయినా మంచిదే అన్నారు. పౌలా వైట్ ఆడమనిషి, పాస్టరు. ఈ రెండు పాయలకీ ఒకే ప్రభుత్వంలో పలుకుబడి ఉంది. రక్షణ శాఖ చూసే పీట్ హెగ్‌సెత్ వెళ్లేది సీఆర్‌ఈసీ చర్చికే.

ఇక, ఎవరి ధర్మశాస్త్రం? మోషే ధర్మశాస్త్రం శిక్షలతో సహా నేటికీ చెల్లుతుందన్నవాడు రష్డూనీ అనే వేదాంతి వారసుడు. ఆయన 1965లో కాల్సిడన్ ఫౌండేషన్ పెట్టాడు. ఆ ఇంట్లోనే ఐక్యత నిలవలేదు. ఆయన అల్లుడు గ్యారీ నార్త్ రాసిన ఒక వ్యాసం మీద 1981లో తగవొచ్చి, 2001లో మామ పోయేదాకా ఇద్దరికీ మాటల్లేవు. అల్లుడు టెక్సస్‌లోని టైలర్‌లో వేరే దుకాణం నడిపాడు. "సహజ న్యాయం" (బైబిలు చదవకపోయినా మనిషి బుద్ధికి అందే నీతి) అన్న మాట పదేపదే వాడితే క్యాథలిక్కు అనుకోవచ్చు, కానీ తొందరపడకండి. వుల్ఫ్ ప్రెస్బిటేరియనైనా ఆ మాటే వాడతాడు.

బందరుబాప్టిస్టు

రేపల్లె గారూ, బాగా చెప్పారు. అయితే అసలు కీలకం వదిలేశారు: బాప్తిస్మం.

పసిపిల్లకి నీళ్లు చిలకరించి సంఘంలో చేర్చుకునే చోట పుట్టుకకీ విశ్వాసానికీ ముడి ఉంటుంది. అక్కడ "క్రైస్తవ జాతి" అనడం తేలిక. ఎదిగిన మనిషి తనంతట తాను ఒప్పుకుని మునిగితేనే బాప్తిస్మం అనే మాకు ఆ మాట గొంతు దిగదు. దేశాన్ని ముంచలేం కదా. 1802లో జెఫర్సన్ మతానికీ ప్రభుత్వానికీ మధ్య "అడ్డుగోడ" అన్న ఉత్తరం రాసింది కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకే. అక్కడ రాష్ట్ర మతం కాంగ్రిగేషనల్ చర్చి, నలిగినవాళ్లు బాప్టిస్టులు. 2019లో ఈ ధోరణికి వ్యతిరేకంగా క్రైస్తవుల సంతకాలు సేకరించింది వాషింగ్టన్‌లోని బాప్టిస్టు జాయింట్ కమిటీ. కాబట్టి సదరన్ బాప్టిస్టులందర్నీ ఆ గాటన కట్టడం చాలా తప్పు. వాళ్లలో ఆ వైపు మొగ్గేవాళ్లూ గట్టిగానే ఉన్నారు, కాదనను. ఆ పోరు లోపలే నడుస్తోంది.

ప్రెస్బిటేరియన్లలోనూ ఇదే గొడవ ఇంకో రూపంలో ఉంది. 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం 23వ అధ్యాయం ప్రకారం దుర్బోధలు అణచివేయడం పాలకుడి బాధ్యత. 1788లో అమెరికన్లు దాన్ని తిరగరాసి, ఏ శాఖకీ మొగ్గు చూపకుండా అందరినీ కాపాడటమే పాలకుడి పని అన్నారు. వాదించేవాడు ఏ ఏటి ప్రతి పట్టుకున్నాడో అడగండి, ఎక్కడ నిలబడ్డాడో తెలిసిపోతుంది.

డబ్బు దగ్గర ఏమయిందో ఓక్లహామా చూపించింది. సెయింట్ ఇసిడోర్ అనే క్యాథలిక్ ఆన్‌లైన్ బడికి ప్రభుత్వ చార్టర్ (సర్కారు డబ్బుతో నడిచేందుకు అనుమతి) ఇస్తామన్నారు. గవర్నర్ కెవిన్ స్టిట్ సై అన్నాడు. అడ్డుపడింది నాస్తికులు ఒక్కరే కాదు, అదే రిపబ్లికన్ పార్టీ అటార్నీ జనరల్ జెంట్నర్ డ్రమ్మండ్ కోర్టుకెక్కాడు. ఈ తలుపు తెరిస్తే రేపు ప్రతి మతం బడికీ, ఇస్లామిక్ బడులతో సహా, పన్ను డబ్బు ఇవ్వాల్సి వస్తుందన్నది ఆయన వాదన. ఒక జడ్జి తప్పుకోవడంతో 2025 మే 22న సుప్రీంకోర్టు 4-4గా చీలింది, కింది కోర్టు తీర్పు నిలిచి బడి ఆగిపోయింది. పోస్టరు ఖర్చు దాత పెట్టుకుంటాడు కాబట్టి ఈ తగవు రాదు. బడి ఖర్చు ప్రతి ఏడూ ఖజానా నుంచి రావాలి.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. బాప్తిస్మం కోణం నాకసలు తట్టలేదు. ఒక సందేహం: ఇవన్నీ పాత సిద్ధాంత భేదాలు కదా, 1979లో జెర్రీ ఫాల్వెల్ పెట్టిన మోరల్ మెజారిటీ అనే క్రైస్తవ రాజకీయ సంస్థ వీటిని పక్కన పెట్టే నడిచింది. ఇప్పుడెందుకు పైకి తేలుతున్నాయి?

పాతనెల్లూరు

ఫాల్వెల్ దాన్ని కట్టిందే ఆ షరతు మీద. క్యాథలిక్కులు, మోర్మన్లు, యూదులు ఎవరైనా రావచ్చు, సిద్ధాంతం గుమ్మం బయటే వదలాలి. బాబ్ జోన్స్ యూనివర్సిటీ వాళ్లు అప్పుడే తప్పుపట్టారు. అబార్షన్, బడిలో ప్రార్థన... చేతికి అందని కోరికలున్నంతకాలం ఆ షరతు పనిచేసింది. 2022 మే నెలలోనే, అబార్షన్‌ని హక్కుగా గుర్తించిన రో తీర్పు పోతుందని సుప్రీంకోర్టు ముసాయిదా బయటపడ్డ వారాల్లోనే, లూసియానాలో చీలిక కనబడింది. గర్భస్రావాన్ని నరహత్యగా చూసి తల్లి మీద కూడా కేసు పెట్టే బిల్లు వస్తే, దాన్ని వద్దంటూ బహిరంగ లేఖ రాసింది 70కి పైగా అబార్షన్ వ్యతిరేక సంస్థలే. చట్టం చేసే అధికారం చేతికొస్తే శిక్ష ఎవరికి, ఎంత అని రాయాలి కదా.

రెండోది "మనవాళ్లు" ఎవరన్న తగవు, ఇప్పుడు బాగా రగులుతున్నది ఇదే. 2024 నవంబరులో విల్సన్, జేమ్స్ వైట్, జెఫ్ డర్బిన్ లాంటివాళ్లు ఆంటియోక్ డిక్లరేషన్ విడుదల చేశారు. యూదు ద్వేషం, రక్తం లెక్కలు సంఘంలోకి రావడానికి వీల్లేదని. సొంత పాయ కుర్రవాళ్ల మీదే ఎక్కుపెట్టిన ప్రకటన అది, "మనకి కుడివైపు శత్రువులు లేరు" అనేవాళ్లు మండిపడ్డారు. 2025 అక్టోబరులో వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్, యూదు ద్వేషిగా పేరుపడ్డ నిక్ ఫ్యూయెంటెస్‌ను కూర్చోబెట్టి మాట్లాడాడు. కన్సర్వేటివ్ మేధో సంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ అధ్యక్షుడు కార్ల్‌సన్‌ను వెనకేసుకొచ్చాడు, దాంతో పేరున్న క్యాథలిక్ మేధావి రాబర్ట్ జార్జ్ ఆ సంస్థ బోర్డు నుంచి తప్పుకున్నాడు. ఇక వలసదారుల విషయంలో 2025 నవంబరులో అమెరికా క్యాథలిక్ బిషప్పులు విచక్షణ లేని సామూహిక బహిష్కరణను తప్పుపట్టారు, ఓట్లు 216కి 5. క్యాథలిక్ ఉపాధ్యక్షుడు వాన్స్‌కి ఇది ఇబ్బందే.

సెవెంత్‌డేచదువరి

విశ్రాంతి దినం సంగతి ఎవరూ ఎత్తలేదు. 1888లో సెనేటర్ బ్లేర్ దేశమంతటికీ ఆదివారం విశ్రాంతి చట్టం బిల్లు పెట్టాడు. మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, మద్యనిషేధ సంఘాల ఆడవాళ్లు వెనక నిలబడ్డారు. సెనేట్ కమిటీ ముందు ఎదురు వాదించింది శనివారాన్నే విశ్రాంతి దినంగా పాటించే అడ్వెంటిస్టు సంఘానికి చెందిన ఎ.టి. జోన్స్. దేవుని ఆజ్ఞ మీద ఆయనకి అనుమానం లేదు. ఆజ్ఞ చెప్పేది శనివారం గురించి, దాన్ని అమలు చేయడం సర్కారు పని కాదు, ఇదీ ఆయన వాదన. బిల్లు గట్టెక్కలేదు.

టెక్సస్ పోస్టరులో విశ్రాంతి దినాన్ని పరిశుద్ధంగా ఆచరించాలన్న వాక్యం ఉంది. అందులో వారం పేరు లేదు.