చిన్న కౌంటీలో ఇంటి మీడియన్ ఆదాయం ఏటేటా ఎలా మారిందో ఎలా తెలుసుకోవాలి? (మెకెంజీ కౌంటీ, నార్త్ డకోటా)

ప్రైరీ_నర్సు:
అందరికీ నమస్కారం. వాట్‌ఫర్డ్ సిటీలో ఒక క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను ఇంటికెళ్లి చూసే ప్రోగ్రాం కోసం గ్రాంట్‌కి అప్లై చేస్తే, "మీ కౌంటీలో ఆదాయాలు బాగానే ఉన్నాయి కదా" అని తిప్పి పంపారు. మా పేషెంట్లలో ఇన్సులిన్ పొదుపుగా వాడుకునేవాళ్లున్నారు. ఆ మాట విని చాలా బాధేసింది. మళ్లీ రాస్తున్నాను.

2005 నుంచి మీడియన్ ఆదాయం (సగం ఇళ్లకు అంతకంటే ఎక్కువ, సగం ఇళ్లకు తక్కువ వచ్చే మధ్య అంకె) గ్రాఫ్ పెడదామని, సెన్సస్ బ్యూరో వాళ్లు ఇళ్లను అడిగి చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వే (ఏసీఎస్) ఐదేళ్ల అంచనాలు తీసి, వరుసగా గీశాను. ఎత్తుపల్లాలన్నీ చదునైపోయినట్టు వచ్చింది. కానీ ఇక్కడ జరిగింది అది కాదు. 2010లో 6,360 మంది ఉన్న కౌంటీ ఆయిల్ బూమ్‌తో 2020కి 14,704 అయింది. మధ్యలో 2014 చివరి నుంచి చమురు ధర కూలి, రిగ్గులు ఆగిపోయాయి. అదంతా గీతలో ఎందుకు కనబడదు? ఏటేటి అంకెలు ఎక్కడైనా ఉంటాయా?

కౌంటీ_లెక్కలు:
నమస్తే అండి. పల్లెటూరి ఆస్పత్రుల గ్రాంట్లకు ఈ లెక్కలు కట్టడమే నా ఉద్యోగం.

ఒక ఏడాది ఏసీఎస్ అంచనాలు 65,000 లేదా అంతకంటే ఎక్కువ జనాభా ఉన్నచోట్లకే ఇస్తారు. మీకు ఐదేళ్లవే దిక్కు. మీరు 2016 అని పెట్టిన చుక్కలో 2012 నుంచి 2016 దాకా అడిగిన జవాబులన్నీ ఉన్నాయి. బూమ్, పతనం రెండూ అందులోనే కలిసిపోయాయి. పక్క చుక్కలో మళ్లీ నాలుగేళ్ల జవాబులు అవే. ఇక గీత నున్నగా కాక ఎలా వస్తుంది! 2009–2013, 2014–2018, 2019–2023 లాగా ఒకదాని మీద ఒకటి పడని వాటినే పోల్చండి.

ఏటేటి అంకె కావాలంటే అదే బ్యూరో ఇచ్చే ఎస్‌ఏఐపీఈ (చిన్న ప్రాంతాల ఆదాయ, పేదరిక అంచనాలు) చూడండి. సర్వేకి పన్ను రిటర్నుల లాంటి రికార్డులు జోడించి, ప్రతి కౌంటీకీ మోడల్‌తో కట్టే అంచనా అది. సర్వేలో ఇళ్లు తక్కువ దొరికినచోట మోడల్ మాటే ఎక్కువ చెల్లుతుంది, ఆ సంగతి దరఖాస్తులో రాయండి. 2005 నుంచి దీనికి ఆధారం ఏసీఎస్. అంతకుముందు సీపీఎస్ అనే వేరే సర్వే. మీరు 2005 దగ్గరే మొదలుపెట్టడం మంచిదైంది.

డాలర్ల దగ్గర జాగ్రత్త. ఎస్‌ఏఐపీఈ ఏ ఏడాదికి ఆ ఏడాది డాలర్లలో ఉంటుంది, ఐదేళ్ల ఏసీఎస్ చివరి ఏడాది డాలర్లలో. ధరల సూచీతో అన్నిటినీ ఒకే ఏడాదికి మార్చాకే గీయండి.

మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (సర్వే అంకె అటూ ఇటూ ఎంత తప్పొచ్చో చెప్పేది) మాత్రం అస్సలు వదలకండి. మాటవరసకు ముందు 80,000కు అటూ ఇటూ 9,000, తర్వాత 86,000కు అటూ ఇటూ 8,000 వచ్చాయనుకుందాం. 9, 8 వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 12. అంటే తేడా 12,000 దాటాలి, మనకున్నది 6,000. ఆదాయం పెరిగిందని ఈ అంకెలతో చెప్పలేం.

బాకెన్_గాలి:
నేను విలిస్టన్‌లో ఉంటాను. పై లెక్క సరైనదే, కానీ నర్సు గారి గ్రాంట్‌కి అసలు విషయం ఇది కాదనిపిస్తోంది. కౌంటీ మీడియన్ పెరిగితే పాతవాళ్ల ఆదాయం పెరిగినట్టు కాదు. టెక్సాస్ నుంచి వచ్చి ట్రైలర్లో రెండు నెలలకు మించి ఉన్న డ్రైవర్‌ది కూడా ఇక్కడి ఇంటి కిందే లెక్క. క్రూ క్యాంపుల్లో (పనివాళ్లందరికీ కలిపి ఇచ్చే వసతి) ఉండేవాళ్లయితే ఇళ్ల లెక్కలోకే రారు. సోషల్ సెక్యూరిటీ మీద బతికే ముసలావిడకు నయాపైసా పెరగకపోయినా, కొత్తగా వచ్చినవాళ్ల జీతాలతో మీడియన్ పైకి పోతుంది. ఇంటి అద్దె మాత్రం ఆవిడకూ పెరుగుతుంది.

ఏసీఎస్‌లో బి19049 పట్టిక చూడండి. ఇంటి పెద్ద వయసును బట్టి మీడియన్ ఇస్తారు, 65 దాటినవాళ్లది విడిగా ఉంటుంది. మార్జిన్ పెద్దదే ఉంటుంది, అయినా మీరు చూసుకునేది వాళ్లనే కదా.

ప్రైరీ_నర్సు:
చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. మొదటి పేజీలో 65 దాటినవాళ్ల అంకె పెట్టి, కౌంటీ గీత తర్వాత పెడతాను. ఇంకొక్క డౌట్. పక్కనున్న డన్ కౌంటీ వాళ్లు కూడా మా దగ్గరికే వస్తారు. రెండు మీడియన్లకు సగటు తీయొచ్చా?

కౌంటీ_లెక్కలు:
వద్దండి, మీడియన్లకు సగటు కుదరదు. బి19001లో ఆదాయాన్ని 16 శ్లాబులుగా చేసి, ఒక్కోదాంట్లో ఎన్ని ఇళ్లో ఇస్తారు. రెండు కౌంటీలవీ శ్లాబువారీగా కూడండి. కింది నుంచి లెక్కపెడుతూ పోతే సగం ఇళ్లు ఏ శ్లాబులో పూర్తవుతాయో తెలుస్తుంది. అది 75,000–99,999 అనుకుంటే, ఆ శ్లాబులోని ఇళ్లలో ఎన్నో వంతు దాటితే సగం అయిందో, 25,000 డాలర్లలో ఆ వంతును 75,000కు కలపడమే. 65 దాటినవాళ్లకు ఇదే పద్ధతి, పట్టిక బి19037. ఎక్సెల్ షీట్ ఉంది, కావాలంటే ఇక్కడే పెడతాను.