రేపటి చింత మానడమంటే లెక్క చూసుకోకపోవడమా?

ప్రశ్న (కొండపి నుంచి):
మాది పొగాకు వేసే కౌలు కుటుంబం కావడంతో, వేలం డబ్బులు చేతికి వచ్చేదాకా బియ్యం డబ్బా అడుగున సోల గీరుకునే చప్పుడు వింటూ పిల్లల ఫీజుల గురించే ఆలోచిస్తూ ఉంటాను. మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు రేపటి గురించి చింతించవద్దని, ఆకాశపక్షులను చూడమన్నాడని చర్చిలో విన్న ప్రతిసారీ, నా చింత అవిశ్వాసమేమోనన్న భయం కూడా తోడవుతోంది. పెద్దలెవరైనా చెప్పగలరా?

జవాబు (ఒంగోలు నుంచి):
అమ్మా, ఇవన్నీ మనకు అవసరమని తండ్రికి తెలుసునని కూడా అక్కడే ఉంది, కాబట్టి అవసరాన్ని ఆయన తప్పు పట్టలేదు. పక్షులు విత్తవు, కోయవు అన్నాడే గాని గూట్లోనే కూర్చుంటాయనలేదు. 1876-78 కరువులో మన ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ప్రార్థనతో ఆగిపోక, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలిపని చూపించాడు. (1878 జూలై 3న 2,222 మందికి ఇచ్చిన బాప్తిస్మాల గురించే అందరూ చెబుతారు, నాకు మాత్రం ఆ కాలువ పనే ఎక్కువ గుర్తుంటుంది.)

జవాబు (కావలి నుంచి):
నిర్గమకాండం 16లో మన్నాను (ఎడారిలో ఇశ్రాయేలీయులకు దొరికిన ఆహారాన్ని) ఏ రోజుకు ఆ రోజే ఏరుకోమన్న దేవుడే, మర్నాటి విశ్రాంతి దినం కోసం ఆరో రోజు మాత్రం రెండింతలు ఏరుకోమన్నాడు, అంటే ముందుచూపు తప్పు కాదు. రొయ్యల చెరువు దెబ్బతిన్న ఏడాది నేను అర్ధరాత్రి లేచి అప్పుల కాగితం వెనక కూడికలు వేసేవాడిని. ఎన్నిసార్లు కూడినా మొత్తం మారేది కాదు. ఆ లెక్కను పగటిపూట ఒక్కసారి, ఇంటావిడతో కలిసి చూసి, ప్రార్థన చేసుకుని మూసేయడం అలవాటయ్యాక నిద్ర పట్టింది. అప్పు తీరడానికి మాత్రం మూడేళ్ళు పట్టింది.

ప్రశ్న అడిగినవారు:
ఆ అర్ధరాత్రి కూడికలు నావీ అవేనండీ. ఫీజు వాయిదాల్లో కట్టుకోనిస్తారేమో సోమవారం బడికి వెళ్ళి అడుగుతాను.