అప్‌డేట్: నడుము నొప్పి ఉన్న అమ్మతో జైసల్మేర్ జీప్ సఫారీ, వెళ్లొచ్చాం

అమ్మకి నడుము నొప్పి, జైసల్మేర్ దగ్గర సమ్ ఇసుక దిబ్బల్లో జీప్ సఫారీకి తీసుకెళ్లొచ్చా అని పోయిన నెల అడిగాను కదా, వెళ్లొచ్చాం, అమ్మ బాగానే ఉంది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ముందు ఇక్కడ బెంగళూరులోనే, జయనగర్‌లో ఎముకల డాక్టర్‌కి చూపించాం. పరీక్ష చేసి, కండరాల నొప్పే, వెళ్లొచ్చు గానీ ఎగిరెగిరి పడే సీట్లో కూర్చోబెట్టొద్దు అన్నారు. అందుకే "వెనక నిలబడే ఓపెన్ జీప్ వద్దు, ముందు సీటు అడిగి తీసుకో" అన్న సలహానే పనికొచ్చింది. వెనక చక్రాల మీద కూర్చున్న నాకైతే దిబ్బ దిబ్బకీ పళ్లు టకటకలాడాయి.

ఇసుకలోకి దిగేముందు డ్రైవర్ బండి ఆపి నాలుగు టైర్లలోనూ బుస్సుమని కొంత గాలి తీసేశాడు, అలా చేస్తే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోదు. అది తెలియక అమ్మ "పంక్చరేమో చూడరా" అని ఒకటే కంగారు.

నడుము బెల్టు కొన్నది దండగ, బ్యాగులోంచి తీయనేలేదు. ఒంటె సవారీ మాత్రం మానేశాం, అది లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు లేపుతుంది, ఆ కుదుపు జీప్ కన్నా ఎక్కువ.