గర్భసంచి మూతి క్యాన్సర్: నెలలు పోతున్నది ఇంట్లోనా, ఆసుపత్రుల మధ్యనా?

హంటర్‌రోడ్డు వాసి (హన్మకొండ)

"మన ఆడవాళ్లు నోరు విప్పరు, ముదిరాకే వస్తారు" అని ఇక్కడ చాలామంది రాస్తున్నారు. మా పెద్దమ్మ విషయంలో అలా జరగలేదు.

ముట్టు ఆగి ఏడేండ్లయింది. బతుకమ్మకు ముందు చీర మీద రక్తం మరక కనపడింది. మర్నాడే మా చెల్లెకు చెప్పింది, వారంలో డాక్టర్‌కు చూపించాం. స్కానింగ్, మందులు, నెల తర్వాత రమ్మన్నారు. తగ్గకపోతే ఇంకోచోటికి పోయాం, మళ్లీ స్కానింగే. ఆమె రిపోర్టులు దాచుకున్న బట్టలషాపు కవరు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో మూడు స్కానింగ్‌లున్నాయి. లోపల పరికరం పెట్టి గర్భసంచి మూతి చూసినట్టు మాత్రం ఒక్క చీటీలోనూ లేదు. అక్కడి పుండు స్కానింగ్‌లో తప్పిపోవచ్చని మూడోచోట డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలియదు. ఆమె చూసిన రోజే పరీక్షకు ముక్క (బయాప్సీ) తీసింది. రిపోర్టుకు మూడు వారాలు, హైదరాబాద్‌లో ఎమ్మారైకి ఇంకొన్నాళ్లు. మొదటి కరెంటు (రేడియేషన్) పెట్టేసరికి సంక్రాంతి వెళ్లిపోయింది.

ఇందులో ఆమె ఆలస్యం ఒక్క రోజే. అనుమానం వచ్చిన రోజు నుంచి చికిత్స మొదలయ్యేదాకా ఇన్ని రోజులే అని మన దగ్గర గడువు ఉండాలి.

ములుగు సిస్టర్

అన్నా, పెద్దమ్మ విషయం చదివి బాధేసింది. కానీ ఒక్క పెద్దమ్మ వస్తే, రానివాళ్లు ఎందరో నర్సుగా నేను రోజూ చూస్తున్నా. 30 నుంచి 65 ఏండ్ల లోపు ఆడవాళ్లందరికీ అయిదేండ్లకోసారి గర్భసంచి మూతి పరీక్ష చేయాలని 2016 నుంచే కేంద్రం మార్గదర్శకాలున్నాయి. వెనిగర్ లాంటి ద్రవం అద్ది నిమిషం ఆగితే, తేడా ఉన్నచోట తెల్లగా మారుతుంది. ఖర్చు దాదాపు లేదు. పిలిస్తే "నాకేం రోగం లేదు కదమ్మా" అని బీపీ చూపించుకుని వెళ్లిపోతారు. హెచ్‌పీవీ వైరస్ (ఈ క్యాన్సర్‌కు ఎక్కువగా కారణమయ్యేది) అంటుకున్నాక క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేండ్లు పైనే పడుతుంది. అన్నేండ్లు మనం పోగొట్టుకుని, మూడు నెలల గురించి కొట్లాడుతున్నాం.

జమ్మికుంట టీచర్

నాకు గడువు అంటేనే భయం. మా వదినకు ఎక్కువగా బ్లీడింగ్ అవుతుంటే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడో రోజే గర్భసంచి తీసేశారు. ఎంత తొందరగా చేశారో అని మేమూ సంతోషపడ్డాం. తీసింది పరీక్షకు పంపితే మూతి దగ్గర క్యాన్సర్ అని వచ్చింది. ముందే తెలిసుంటే ఆ ఆపరేషన్ అలా చేసేవాళ్లే కాదట. తర్వాత చికిత్స ఇంకా చిక్కుపడింది. గడువు పెడితే ఇలా కోసేసేవాళ్లు పెరగరా? బ్రిటన్‌లో డాక్టర్ అత్యవసరంగా పంపిన 62 రోజుల్లో చికిత్స మొదలుపెట్టాలన్న నియమం ఉంది, వాళ్లే ఏండ్ల తరబడి అందుకోలేకపోతున్నారు.

హంటర్‌రోడ్డు వాసి

టీచర్ గారూ, మీ మాటతో నా ఆలోచన కొంత మారింది. గడువు ఆపరేషన్‌కు కాదు, ముక్క పరీక్షకు పెట్టాలి. బ్రిటన్‌లోని ఇంగ్లండ్‌లో 62 రోజులకు ముందు ఇంకోటుంది: డాక్టర్ అత్యవసరంగా పంపిన 28 రోజుల్లో క్యాన్సర్ అవునో కాదో చెప్పాలి. అందుకోలేకపోతున్నారన్న సంగతి కూడా వాళ్లు లెక్కపెడుతున్నారు కాబట్టే మీకూ నాకూ తెలిసింది. మా పెద్దమ్మ రోజులు ఏ రిజిస్టర్‌లో ఉన్నాయి? ఆ కవర్లోనే.

ముట్టు ఆగాక రక్తం కనపడితే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి క్యాన్సర్ కాదు. ఆ మాట తొందరగా తెలిస్తే వాళ్లకూ టెన్షన్ తప్పుతుంది.

ఇంకొకటి. గర్భసంచి మూతి క్యాన్సర్‌కు కరెంటు మొదలైతే, లోపలి నుంచి పెట్టే కరెంటుతో కలిపి ఎనిమిది వారాల్లో ముగియాలంటారు. మధ్యలో తెగితే ఫలితం తగ్గుతుంది. అందుకే దాదాపు రెండు నెలలు హైదరాబాద్‌లోనే ఉన్నాం. ఆరోగ్యశ్రీ చికిత్సకు డబ్బిచ్చింది. రూము కిరాయి, మా అన్న పోగొట్టుకున్న కూలి మేమే పెట్టుకున్నాం. మా పక్క మంచం ఆమె రెండు వారాలకే వరికోతలని ఇంటికి పోయింది. ఆమెను ఏమనగలం?

ములుగు సిస్టర్

ముక్క పరీక్షకు గడువంటే నేనూ ఒప్పుకుంటా. అలాగే అండాశయ క్యాన్సర్ సంగతీ మరవద్దు. కడుపు ఉబ్బరం, కొంచెం తింటేనే నిండినట్టుండటం వారాల తరబడి ఉంటే గ్యాస్ గోళీలతో సరిపెట్టకండి. దానికి వెనిగర్ పరీక్ష పనికిరాదు.

అన్నా, మీ చెల్లెకు 30 దాటాయా? పరీక్ష చేయించారా?

హంటర్‌రోడ్డు వాసి

34. పెద్దమ్మ వెంట ప్రతి ఆసుపత్రికీ తిరిగింది, తనకు మాత్రం చేయించుకోలేదు. ఈ వారమే తీసుకుపోతా సిస్టర్.